ట్రంపు వేసిన జడ్జీలు సరే.. మన జడ్జీలను వేసేదెవరు?

మన ఐటీ జనాలకి అమెరికా కోర్టుల మీదున్న పరిజ్ఞానం చూస్తే ముచ్చటేస్తుంది. హైటెక్ సిటీలో ఏ క్యాంటీన్లో కూర్చున్నా సరే, పక్క టేబులు మీద ఎవరో ఒకరు ఫెడరల్ జడ్జీల గురించి ప్రసంగిస్తూనే ఉంటారు. ఫలానా జడ్జిని ఒబామా వేశాడు, ఫలానా జడ్జిని ట్రంప్ వేశాడు, కేసు ఫలానా జిల్లాలో వేస్తే మనకి అనుకూలం, అప్పీలుకి పోతే కష్టం.. ఇలా సాగుతుంది. హెచ్4 వాళ్ళ వర్క్ పర్మిట్ మీద 2015 నుంచి నడిచిన కేసులో 2023 మార్చిలో మనవైపు తీర్పిచ్చిన తాన్యా చట్కన్ పేరు మన ఆడపడుచులకి కంఠతా వచ్చు. 2025 జనవరిలో ట్రంప్ రెండోసారి కుర్చీ ఎక్కిన రోజునే పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీద ఆర్డరు వేస్తే, మూడు రోజులు తిరక్కుండానే సియాటిల్లో దానికి అడ్డుకట్ట వేసిన జాన్ కఫెనార్ గారిని 1981లో రీగన్ నియమించాడని కూడా మనవాళ్ళకి తెలుసు. అదే ఏడాది జూన్ 27న, దేశం మొత్తానికీ వర్తించేలా కింది కోర్టులు స్టేలివ్వడం కుదరదని సుప్రీంకోర్టు 6-3తో చెప్పినప్పుడు, ట్రంప్ మొదటి దఫాలో వేసిన ముగ్గురు జడ్జీలూ ఆ ఆరుగురిలోనే ఉన్నారని లెక్కలు తీసిన మిత్రులున్నారు.

ఇందులో వెక్కిరించాల్సిందేమీ లేదు. మన వీసా, మన పిల్లల పౌరసత్వం, మన ఇంటి లోను, అన్నీ ఆ జడ్జీల కలం మీద వేలాడుతున్నాయి. తెలుసుకోవడం ధర్మమే.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ఎక్కడా వెతక్కుండా జవాబు చెప్పండి. తెలంగాణ హైకోర్టులో ప్రస్తుతం ఉన్న జడ్జీల్లో ఇద్దరి పేర్లు? పోనీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో? పేర్లు వదిలేయండి. వాళ్ళని ఎవరు ఎంపిక చేశారు? ఎన్ని పేర్లు పరిశీలించారు? మిగతావాళ్ళని ఎందుకు వద్దన్నారు?

తెలీదు కదా! దీనికి సిగ్గుపడనక్కర్లేదు. మొదటి రెండు ప్రశ్నలకి కాస్త శ్రద్ధ పెడితే జవాబు దొరుకుతుంది. చివరి రెండింటికీ మాత్రం మీరు తలకిందులుగా తపస్సు చేసినా దొరకదు, ఎందుకంటే దొరక్కుండా ఏర్పాటు చేశారు. నా గొడవంతా దాని గురించే.

మొన్న పండక్కి పాలకుర్తి వెళ్ళినప్పుడు మా చిన్నాయనకి ట్రంపు, సెనేటు, సుప్రీంకోర్టు కథంతా చెప్తూ కూర్చున్నాను. మా తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు కాబట్టి ఆయనకీ అక్కర ఉంది. అంతా ఓపిగ్గా విని, "గదంత సరే బిడ్డా, మన హైకోర్టుల జడ్జిని ఎవలు పెడ్తరు?" అన్నాడు. "రాష్ట్రపతి" అన్నాను. "రాష్ట్రపతికి గీయన మంచోడని ఎట్ల తెలుస్తది మరి?" అన్నాడు. పదో తరగతి దాటని మనిషి అడిగిన ఈ ప్రశ్నకి మన ప్రజాస్వామ్యం డెబ్భై ఐదేళ్ళుగా సరైన సమాధానం చెప్పలేదు.

ముందు అమెరికా సంగతి చూద్దాం. అక్కడ అధ్యక్షుడు ఒక పేరు ప్రతిపాదిస్తాడు. సెనేట్ కమిటీ ఆ మనిషిని అందరి ముందూ కూర్చోబెట్టి గంటల తరబడి ప్రశ్నలేస్తుంది. పాత తీర్పులు, పాత ప్రసంగాలు, ఆస్తులు, స్నేహాలు, అన్నీ బయటికి లాగుతారు. తర్వాత ఓటింగ్. ఎవరు ఎటు ఓటేశారో రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. ఆ తర్వాత ఉద్యోగం జీవితాంతం. అందుకే అధ్యక్షుడు నాలుగేళ్ళలో పోయినా అతని జడ్జీలు ముప్ఫై ఏళ్ళుంటారు. ట్రంప్ మొదటి దఫాలో సుప్రీంకోర్టుకి ముగ్గుర్ని, మొత్తమ్మీద 234 మందిని ఇలా జీవితకాలపు పదవుల్లో కూర్చోబెట్టాడు. తర్వాతొచ్చిన బైడెన్ పట్టుపట్టి ఇంకొకర్ని ఎక్కువ వేసి 235 చేశాడు. అదొక స్కోరు బోర్డు!

మరి ఆ పద్ధతి గొప్పదా అంటే, గొప్పదేం కాదు. 2016 మార్చిలో ఒబామా మెరిక్ గార్లండ్ పేరు పంపితే, ఎన్నికల ఏడాది కాబట్టి చూడం పొమ్మని సెనేట్‌లో మెజారిటీగా ఉన్న రిపబ్లికన్లు కనీసం విచారణ కూడా పెట్టలేదు. అదే పార్టీ 2020లో ఎన్నికలకి ఎనిమిది రోజుల ముందు, అక్టోబరు 26న, ఏమీ బారెట్‌ని ఆఘమేఘాల మీద ఆమోదించింది. నీతి మనకి, రీతి మీకు అన్నట్టు. జడ్జి పేరు పక్కన బ్రాకెట్లో పార్టీ రంగు రాసుకోవాల్సిన గతి పట్టిందక్కడ. ఈ రోగం మనకి అక్కర్లేదు.

కానీ ఒక్క విషయం గమనించండి. గార్లండ్ విషయంలో అన్యాయం జరిగిందని మీరూ నేనూ ఇక్కడ కూర్చుని ఎలా చెప్పగలుగుతున్నాం? అక్కడ జరిగిన అన్యాయం కూడా బహిరంగంగానే జరుగుతుంది కాబట్టి. ఎవర్ని తిట్టాలో తెలుసు, తర్వాతి ఎన్నికల్లో ఎవరికి ఓటెయ్యకూడదో తెలుసు. మరి మన దగ్గర? అన్యాయం జరిగిందో న్యాయం జరిగిందో కూడా తెలీదు. ఒక రోజు పేపర్లో "రాష్ట్రపతి ఉత్తర్వులు జారీ చేశారు" అని నాలుగు లైన్ల వార్త వస్తుంది. అంతే.

రాజ్యాంగం ఏమంటోంది? 124వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు జడ్జీలని, 217వ అధికరణ ప్రకారం హైకోర్టు జడ్జీలని రాష్ట్రపతి నియమిస్తారు, జడ్జీలని "సంప్రదించి". రాష్ట్రపతి అంటే కేంద్ర మంత్రివర్గం అని మనకి తెలిసిందే. కాబట్టి మొదట్లో పెత్తనం ప్రభుత్వానిది. ఆ పద్ధతిలోనే మన రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు గారు 1958లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 1966లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు కూడా వెళ్ళకూడదని 6-5తో తేల్చేశారు. తనని నియమించిన ప్రభుత్వానికే మింగుడుపడని తీర్పు అది. తర్వాత రెండు నెలలకి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికే పోటీ చేసి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. జడ్జీలని నియమించే కుర్చీ కోసం ఒక జడ్జీ పోటీ చెయ్యడం విచిత్రమే, అది వేరే కథ.

"చూశారా, ప్రభుత్వం వేసినా నిటారుగా నిలబడే జడ్జీలొచ్చారు కదా" అంటారు కొందరు. వచ్చారు, ఒప్పుకుంటా. ప్రభుత్వం ఆ నిటారు నడుముల్ని గమనించి ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి మరి. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చింది. వెనువెంటనే, సీనియర్లయిన షెలాట్, హెగ్డే, గ్రోవర్లని దాటేసి ఎ.ఎన్. రేని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ ముగ్గురూ ప్రభుత్వానికి నచ్చని వైపు తీర్పిచ్చినవాళ్ళు. ఎమర్జెన్సీలో మనిషిని విచారణ లేకుండా లోపలేసినా కోర్టుకి పోయే హక్కు లేదని 1976లో నలుగురు జడ్జీలు చెప్తే, ఒక్క హెచ్.ఆర్. ఖన్నా కాదన్నారు. 1977 జనవరిలో ఆయన్నీ దాటేశారు. ఆయన రాజీనామా చేసి ఇంటికెళ్ళిపోయారు.

ఇక మన హైదరాబాదుకి దీన్లో ఉన్న పాత్ర చాలామందికి తెలీదు. ఎమర్జెన్సీలో పదహారు మంది హైకోర్టు జడ్జీల్ని వాళ్ళ సమ్మతితో పనిలేకుండా దేశం నలుమూలలకీ బదిలీ చేశారు. అందులో ఒకరు గుజరాత్ హైకోర్టు జడ్జి సంకల్‌చంద్ శేఠ్. 1976లో ఆయన్ని పంపింది ఎక్కడికనుకున్నారు? మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి. ఆయన బుద్ధిగా వచ్చి చేరారు. చేరి, తన బదిలీని సవాలు చేస్తూ గుజరాత్ హైకోర్టులో కేసు వేశారు. జడ్జీనే కక్షిదారుడు! అక్కడ గెలిచారు. సర్కారు సుప్రీంకోర్టుకెళ్ళింది. 1977లో అది తేలే లోపు ప్రభుత్వమే మారిపోయి ఆయన్ని వెనక్కి పంపడానికి కొత్త ప్రభుత్వం ఒప్పుకుంది. అంటే ఒకప్పుడు మూసీ ఒడ్డునున్న మన హైకోర్టుని పనిష్మెంట్ పోస్టింగుగా వాడుకున్నారన్నమాట.

ఈ భయం జడ్జీల మనసులో ఇంకిపోయింది. 1981లో "సంప్రదించడం అంటే ఒప్పుకోవడం కాదు, చివరి మాట ప్రభుత్వానిదే" అన్న సుప్రీంకోర్టు, 1993 అక్టోబరులో తొమ్మిది మంది బెంచితో ఆ మాట తిరగేసింది. సంప్రదించడం అంటే ఒప్పుకోవడమే, చివరి మాట జడ్జీలదే అంది. 1998లో కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు వివరణ అడిగితే లెక్క ఖరారు చేశారు. సుప్రీంకోర్టు జడ్జీల నియామకానికి ప్రధాన న్యాయమూర్తితో కలిపి అయిదుగురు, హైకోర్టు జడ్జీల నియామకానికి ముగ్గురు. దాని పేరే కొలీజియం. రాజ్యాంగం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతకండి, ఆ మాట కనపడదు.

ఇప్పుడు జరిగేది ఇది. హైదరాబాదులో ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి ఇద్దరు సీనియర్లు కలిసి కొన్ని పేర్లు అనుకుంటారు. ఆ పేర్లు ముఖ్యమంత్రి, గవర్నరుల అభిప్రాయం మీదుగా ఢిల్లీ చేరతాయి. ఇంటెలిజెన్స్ బ్యూరో ఆరా తీస్తుంది. సుప్రీంకోర్టు ముగ్గురు చూసి ఊ అంటారు. కేంద్రం ఒకసారి తిప్పి పంపొచ్చు. మళ్ళీ అదే పేరొస్తే నియమించి తీరాలి. చివర్లో రాష్ట్రపతి సంతకం.

మనకి బాగా తెలిసిన భాషలో చెప్పాలంటే ఇది పూర్తిగా రెఫరల్ మీద నడిచే రిక్రూట్‌మెంట్. ఖాళీ ఉందని నోటిఫికేషన్ ఉండదు, దరఖాస్తు ఉండదు, రాతపరీక్ష ఉండదు, అర్హతల జాబితా ఉండదు. ఎవరినైనా మూడు ప్రశ్నలడిగితే ఆ మినిట్స్ మనకి కనపడవు. లోపల ఉన్నవాళ్ళకి నువ్వు తెలిస్తే నీ పేరొస్తుంది, తెలియకపోతే జన్మలో రాదు. మన కంపెనీలో ఒక మేనేజరు తన టీములోకి అందర్నీ రెఫరల్స్ మీదే తీసుకుంటే హెచ్ఆర్ దాకా ఫిర్యాదు పోతుంది. మీరే చేస్తారు ఆ ఫిర్యాదు! ఇంటర్వ్యూలో ఫీడ్‌బ్యాక్ రాయకుండా "నో" అని కొట్టేస్తే సిస్టమే ఒప్పుకోదు. నాలుగు కోట్ల మంది మీద అధికారం చెలాయించే ఉద్యోగానికి మాత్రం ఆ పాటి ఫారం కూడా అక్కర్లేదట.

"మెరిట్ చూసే వేస్తారు కదండీ" అని మీలో ఎవరో అప్పుడే అనేసుంటారు. మెరిట్ అనే మాట మన ఐటీ వాళ్ళకి తారకమంత్రం. సరే, ఆ మెరిట్‌ని ఎలా కొలిచారో చూపించమనండి. కొలబద్ద కనపడకుండా కొలత ఎలా నమ్మేది? 2018 నుంచి 2022 దాకా దేశంలో నియమితులైన 537 మంది హైకోర్టు జడ్జీల లెక్క కేంద్ర న్యాయశాఖే పార్లమెంటు ముందు పెట్టింది. 79 శాతం అగ్రవర్ణాలు. బీసీలు 11 శాతం. ఎస్సీలు 2.8 శాతం. ఎస్టీలు 1.3 శాతం. మెరిట్ సరిగ్గా కులాల సరిహద్దులు చూసుకుని మరీ పుడుతుందా? లేక తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళనే చూస్తారా? రెండోదే నిజమని రెఫరల్ బోనస్ తీసుకున్న ప్రతివాడికీ తెలుసు. అందులో దురుద్దేశం ఉండాల్సిన పని లేదు. నా ఫోనులో ఉన్న నంబర్లలోంచే కదా నేనూ పేర్లిచ్చేది!

మన రాష్ట్రం సంగతి ఇంకాస్త దగ్గర్నుంచి చూద్దాం. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయినా హైకోర్టు విడిపోలేదు. 2016 జూన్‌లో కింది కోర్టుల జడ్జీల కేటాయింపులో అన్యాయం జరిగిందని తెలంగాణ న్యాయాధికారులు రోడ్డెక్కారు. కొంతమంది సస్పెండయ్యారు కూడా. తీర్పులు చెప్పేవాళ్ళు నినాదాలివ్వాల్సి వచ్చిందంటే, వాళ్ళ గోడు చెప్పుకునే గుమ్మం ఇంకోటి లేదని అర్థం. చివరికి 2019 జనవరి 1న వేరే హైకోర్టు వచ్చింది. సంతోషం. ఆ రోజు నుంచి 2025 జనవరి దాకా, ఆరేళ్ళలో, ఆరుగురు ప్రధాన న్యాయమూర్తులు మారారు. రాధాకృష్ణన్, చౌహాన్, హిమా కోహ్లి, సతీశ్ చంద్ర శర్మ, ఉజ్జల్ భుయాన్, అలోక్ అరాధే. ఆరుగురూ బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళే. ప్రధాన న్యాయమూర్తి బయటి నుంచి రావాలన్నది దేశమంతటా ఉన్న విధానం, స్థానిక పరిచయాలు అడ్డురాకూడదని. ఆలోచన మంచిదే. కానీ సదరు పెద్దమనిషే కదా హైకోర్టు జడ్జీలుగా ఎవరుండాలో మొదటి పేరు రాయాల్సింది! ఏడాదికొకరు మారుతుంటే, జనగామ బార్‌లో పాతికేళ్ళుగా పేదల కేసులు వాదిస్తున్న మంచి లాయరెవరో ఆయనకి ఎప్పుడు తెలియాలి? తెలిసేలోపు రైలు టికెట్ వచ్చేస్తుంది.

మంచి కూడా చెప్పుకోవాలి. 24గా ఉన్న తెలంగాణ హైకోర్టు జడ్జీల సంఖ్యని 2021 జూన్‌లో 42కి పెంచారు. అప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మన ఎన్.వి. రమణ గారు. ఆ తర్వాతే 2021 అక్టోబరులో ఏడుగురు, 2022 మార్చిలో పదిమంది కొత్త జడ్జీలొచ్చారు. మొదటి ఏడుగురిలో నలుగురు మహిళలు. అంటే తలుచుకుంటే అవుతుంది. కానీ ఇక్కడే ఒక మెలిక. మనవాడు పైన కూర్చుంటేనే మన ఫైలు కదులుతుందంటే, దాన్ని వ్యవస్థ అంటారా, అదృష్టం అంటారా? రేపు మనవాడు లేనప్పుడో?

అదే 2022 నవంబరులో ఒక్కరోజున కొలీజియం ఏడుగురు హైకోర్టు జడ్జీల బదిలీకి సిఫారసు చేసింది. అందులో తెలంగాణ నుంచి ముగ్గురు, ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు. పాట్నాకి ఒకరు, బెంగుళూరుకి ఒకరు, అలహాబాదుకి ఒకరు, చెన్నైకి ఇద్దరు. హైదరాబాదులో లాయర్లు విధులు బహిష్కరించారు. కారణం ఏమిటయ్యా అంటే, "మెరుగైన న్యాయ పాలన కోసం". ఎక్కడ మెరుగవుతుంది? వెళ్ళిన చోటా, వదిలిన చోటా? బదిలీ అయినవాళ్ళు తప్పు చేశారా? చేస్తే పాట్నా వాళ్ళు చేసుకున్న పాపమేంటి? చెయ్యకపోతే ఈ అప్రతిష్ఠ ఎందుకు? ఒక్క వాక్యం రాస్తే తేలిపోయేది. రాయలేదు. 1976లో ప్రభుత్వం కారణం చెప్పకుండా బదిలీ చేస్తే దుర్మార్గం అన్నాం. 2022లో జడ్జీలు కారణం చెప్పకుండా చేస్తే స్వతంత్రత అనాలా?

ఈ మాట అంటే కోర్టు ధిక్కారం అవుతుందేమోనని భయపడే మిత్రులకి ఒక ధైర్యవచనం. ఈ పద్ధతిని నాకన్నా ఘాటుగా కడిగినాయన సుప్రీంకోర్టు జడ్జీనే, అందులోనూ కృష్ణా జిల్లా తెలుగువాడు. 2014 ఆగస్టులో పార్లమెంటు దాదాపు ఏకగ్రీవంగా జాతీయ న్యాయ నియామకాల కమిషన్ బిల్లు పాస్ చేసింది. ముగ్గురు జడ్జీలు, న్యాయమంత్రి, ఇద్దరు ప్రముఖులు అందులో సభ్యులు. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు దాన్ని 4-1తో కొట్టేసింది. ఆ ఒక్కరూ జాస్తి చలమేశ్వర్ గారు. కొలీజియంలో ఏం జరుగుతుందో ప్రజలకే కాదు, చరిత్రకి కూడా అందదన్నది ఆయన అసమ్మతి తీర్పులోని సారం. రాసి ఊరుకోలేదు. తనే కొలీజియంలో సభ్యుడయ్యాక 2016లో, చర్చ రికార్డు చెయ్యకపోతే ఆ సమావేశాలకే రానని కూర్చున్నారు. 2017 అక్టోబరు నుంచి తీర్మానాలు వెబ్‌సైటులో పెట్టడం మొదలయిందంటే, దాని వెనక ఆ మొండితనం పాత్ర లేదని ఎవరూ అనలేరు. 2025 మేలో మరో అడుగు పడింది. గత రెండున్నరేళ్ళలో సిఫారసైనవాళ్ళ సామాజిక వర్గం, పదవిలో ఉన్న, రిటైరైన జడ్జీలతో చుట్టరికం ఉందా లేదా అన్న వివరాలు బయటపెట్టారు. సంతోషమే. అయితే ఇవన్నీ ఆ కుర్చీలో ఉన్నవారి దయాధర్మం. చట్టం కాదు. రేపొచ్చే పెద్దమనిషి వద్దనుకుంటే ఆగిపోతుంది.

"అయితే ప్రభుత్వం చేతికిచ్చేద్దామంటావా?" అని అడుగుతారు. అస్సలు వద్దు. ఇప్పుడున్న అరకొర అధికారంతోనే కేంద్రం ఏం చేస్తోందో చూస్తున్నాం. అయిదు పేర్లు పంపితే రెండు ఆమోదించి మూడు పక్కన పెడుతుంది. కొన్ని పేర్లని కొలీజియం రెండోసారి పంపినా ఏళ్ళ తరబడి ఉలకదు పలకదు. సౌరభ్ కిర్పాల్ పేరు 2021 నవంబరులో వెళ్ళింది, 2023 జనవరిలో మళ్ళీ వెళ్ళింది. అయినా ఆయన జడ్జి కాలేదు. 2015 తీర్పు తర్వాత నియామకాల విధానపత్రం కొత్తది రాసుకోమంటే, ఏళ్ళు గడిచినా అటు కోర్టూ ఇటు కేంద్రమూ ఒక అంగీకారానికి రాలేదు. సీక్రెట్ ఇద్దరికీ సౌకర్యమే. జడ్జీలు ఎందుకు ఎంచారో చెప్పరు, ప్రభుత్వం ఎందుకు ఆపిందో చెప్పదు. తిలా పాపం తలా పిడికెడు. మధ్యలో నలిగేది ఖాళీ కుర్చీ ముందు నిలబడ్డ కక్షిదారుడు.

ఆ కక్షిదారుడెవరో కూడా చెప్పుకుందాం, లేకపోతే ఇదంతా ఢిల్లీ పెద్దల గొడవలా కనపడుతుంది. 2020లో తెలంగాణలో కొత్త పాసుపుస్తకాల చట్టం తెచ్చి రెవెన్యూ కోర్టులు రద్దు చేశారు. అక్టోబరులో ధరణి వచ్చింది. అందులో సర్వే నంబరు తప్పుపడ్డ రైతుకి, నిషేధిత జాబితాలో పడ్డ రైతుకి తాసీల్దారు చేతులెత్తేస్తే మిగిలిన దారి కోర్టే. 2025 ఏప్రిల్లో ధరణి పోయి భూభారతి వచ్చింది, అప్పీళ్ళు మళ్ళీ పెట్టారు. కానీ మధ్యలో నాలుగున్నరేళ్ళు మన ఊళ్ళ రైతులు హైకోర్టు గడప తొక్కారు. ఆ కేసు విన్న జడ్జికి పహాణీ అంటే ఏమిటో, సాదా బైనామా కాగితం మీద బతికే కుటుంబాలు ఎన్నో, కౌలుదారు పేరు ఏ కాలంలో ఉండేదో తెలియాలా వద్దా? ఆ తెలివిడి కూడా మెరిట్‌లో భాగం కాదా? ఎంపిక చేసేటప్పుడు ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా? ఇది మీ నాన్నగారి పొలం సంగతి కూడానండీ. డాలస్‌లో ఉన్నా, మాదాపూర్‌లో ఉన్నా.

మా పాలకుర్తికి ఈ విషయంలో మాట్లాడే హక్కు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను. చాకలి ఐలమ్మ నాలుగెకరాలు కౌలుకి తీసుకుని సేద్యం చేస్తే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను ఆ భూమి మీద పడింది. వ్యవహారం కోర్టు దాకా పోయింది. రాజ్యం నిజాంది, జడ్జి నిజాం మనిషి, ఎదుట నిలబడ్డది దేశ్‌ముఖ్. అయినా తీర్పు ఐలమ్మ వైపు వచ్చిందని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పండిన ధాన్యాన్ని ఇంటికి చేర్చింది మాత్రం ఆంధ్ర మహాసభ సంఘం. ఈ కథలో నాకు కనపడేది రెండు సంగతులు. ఒకటి, ఒక నిక్కచ్చి మనిషి ఆ కుర్చీలో ఉంటే దొర కూడా ఓడతాడు. కాబట్టి కుర్చీలో ఎవరున్నారన్నది ప్రాణం మీది విషయం. రెండు, ఆ మనిషిని కూర్చోబెట్టడంలో ఐలమ్మకి ఏ ప్రమేయమూ లేదు. అది రాచరికం కాబట్టి లేదు. మరి ఇప్పుడు? ఆమె మునిమనవలకి ఎంత ప్రమేయం ఉంది? ఓటు ఉంది, రాజ్యాంగం ఉంది, సెల్‌ఫోనులో నాలుగు జీబీ డేటా ఉంది. జడ్జిని ఎందుకు ఎంచారో తెలుసుకునే వీలు మాత్రం నిజాం కాలంలో ఎంతో ఇప్పుడూ అంతే.

జడ్జీలకి ఎన్నికలు పెట్టమని నేననట్లేదు. సెనేటులాగా పార్లమెంటులో పంచాయితీ పెట్టమనీ అనట్లేదు. ప్రపంచంలో వేరే దారులున్నాయి. మనకి కోర్టులు నేర్పిన బ్రిటన్‌లోనే 2006 నుంచి నియామకాల కమిషన్ ఉంది. దానికి అధ్యక్షత వహించేది జడ్జీ కాదు, లాయరూ కాదు. ఖాళీలు ప్రకటిస్తారు, దరఖాస్తులు తీసుకుంటారు. దక్షిణాఫ్రికాలో అభ్యర్థుల ఇంటర్వ్యూలు టీవీలో చూపిస్తారు. అక్కడ ఆకాశం ఊడిపడలేదు.

నేనడిగేవి నాలుగే. ఒకటి, ఏ హైకోర్టులో ఎన్ని ఖాళీలున్నాయో ముందుగా ప్రకటించి, ఏ అర్హతలు చూస్తారో రాసి పెట్టండి, దరఖాస్తు చేసుకునే వీలివ్వండి. జిల్లా బార్‌లో ఉన్నవాడికి కూడా. రెండు, పరిశీలనలో ఉన్నవాళ్ళకి ఏ జడ్జితో, ఏ మంత్రితో బంధుత్వం ఉందో ప్రతిసారీ బయటపెట్టండి. చట్టం ప్రకారం, దయతో కాదు. మూడు, ఎంచినా, ఆపినా, బదిలీ చేసినా కారణం రాయండి. తిరస్కరించినవాళ్ళ పరువు పోతుందంటారా, వాళ్ళ పేర్లు దాచండి, కారణాలు మాత్రం దాచకండి. నాలుగు, కేంద్రానికి గడువు పెట్టండి. ఆ లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. వీటిలో ఒక్కటి కూడా జడ్జీల స్వతంత్రతని తగ్గించదు. తీర్పుకి కారణాలు రాయకపోతే ఆ తీర్పు చెల్లదని మనకి చెప్పేది ఆ జడ్జీలే కదా! అదే సూత్రం తమ నియామకానికి వర్తింపజేసుకోమంటున్నాం, అంతే.

ఇవి జరగాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి. లాయర్లు గట్టిగా అడగలేరు, రేపు అదే జడ్జి ముందు నిలబడాలి. రాజకీయ నాయకులు అడగరు, వాళ్ళ మీద కేసులుంటాయి. అడగగలిగింది మనలాంటి వాళ్ళమే. చదువుంది, జీతముంది, ఏ కోర్టు ముందూ బతుకుతెరువు లేదు. తొమ్మిదో సర్క్యూట్ కోర్టులో ఎవరు ఎవర్ని వేశారో తేదీలతో సహా చెప్పగల ఓపిక ఉన్నవాళ్ళకి, మన ఎంపీకి ఒక ఉత్తరం రాసి, "కొత్త విధానపత్రం ఎక్కడిదాకా వచ్చింది, దాని మీద సభలో ప్రశ్న వేస్తారా" అని అడిగే ఓపిక ఉండదా? ఇంకోసారి పేపర్లో "రాష్ట్రపతి ఉత్తర్వులు" అన్న నాలుగు లైన్లు కనపడినప్పుడు పేజీ తిప్పెయ్యకండి. ఆ పేర్లు చదవండి, ఎవరో ఏమిటో కనుక్కోండి. వాళ్ళకి అరవై రెండేళ్ళు వచ్చేదాకా మీ ఊరి భూములు, మీ ఇంటి హక్కులు వాళ్ళ చేతుల్లో ఉంటాయి. వీసా కన్నా అదే ఎక్కువ కాలం ఉండేది.